ఎత్తు మీద బ్రేకు

"నేనేం తీసిపోలేదురా చిన్నోడా. నీ చక్రాలు తేలిక, అంతే తేడా" అంటూ ఏడాదిగా తమ్ముడి దగ్గర అన్న పాడే పాట ఇదే.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే సైకిల్ జట్టు. తమ్ముడి చోటు ఖాయం. అన్న మాత్రం రేపు కొండరోడ్డు మీద తమ్ముడితో సమానంగా ఎక్కకపోతే జట్టులోంచి పోయినట్టేనని కోచ్ తేల్చేశాడు.

ఆ సాయంత్రం తమ్ముడు తన చక్రాలు విప్పి అన్న సైకిల్‌కి బిగించాడు. అన్నవి తను తీసుకున్నాడు.

"దూదిపింజె కదరా ఇది! ఇక చూస్కో నా తడాఖా" అని అన్న చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

వంటగదిలో ఉన్న అతని భార్యకి నవ్వు రాలేదు. ఈ మధ్య మేడమెట్లు ఎక్కొచ్చి గోడ పట్టుకుని నిలబడుతున్న మనిషిని ఆమె రోజూ చూస్తూనే ఉంది. అయినా సైకిల్ మానేస్తే ఆయన బతికున్నా లేనట్టే. మరిదిని లోపలికి పిలిచింది.

"రేపు కాస్త వెనకబడు నాయనా."

"అన్నకి తెలిస్తే చంపేస్తాడు వదినా."

"తెలియనివ్వకు."

మర్నాడు ఆమె చివరి మలుపు దగ్గర నీళ్లసీసాతో నిలబడింది. ఇద్దరూ పక్కపక్కనే ఎక్కుతున్నారు. మొగుడి మొహం బూడిదలా ఉంది. మరిదికి చెమటైనా లేదు. కాళ్లు నెమ్మదిస్తే అన్న పసిగడతాడని అతను తొక్కుతూనే మెల్లిగా బ్రేకు నొక్కాడు. తన చక్రాలైతే నోరెత్తేవి కావు. అన్న పాత ఇనపచక్రాలు కీచుమని అరిచాయి.

అన్న కాలు నేలకి ఆనించేశాడు.

"ఎత్తు ఎక్కుతూ బ్రేకేంట్రా?"

"జారింది అన్నా."

"పైకి జారిందా?"

తమ్ముడు తెలియకుండానే వదిన వంక చూశాడు. ఆమె తల దించుకుంది. అన్నకి అంతా అర్థమైంది.

"పోరా. ఈసారి నిజంగా తొక్కు."

తమ్ముడు కదల్లేదు. "పొమ్మన్నానా!" అని గద్దించాక పోయాడు. ఆ తుప్పుచక్రాల మీదే పిట్టలా మలుపు దాటేశాడు.

"ఇన్నాళ్లూ నెపం చక్రాల మీదకి నెట్టి బతికాను. ఆ ఒక్క మాటా లేకుండా చేశారు కదే ఇద్దరూ కలిసి" అన్నాడు అన్న, కోపం కూడా లేకుండా.

ఆమె సీసా చాచింది. తీసుకోలేదు. మిగతా జట్టు వాళ్లని దాటిపోయింది, ఎవరూ పలకరించలేదు.

సైకిల్ ఆమె పట్టుకుంది. కిందికి దిగేదారే అయినా ఆయన నాలుగడుగులు వేసి గట్టు మీద కూలబడ్డాడు.

"నువ్వు పద" అన్నాడు. ఆమె వెళ్లలేదు, దగ్గరికీ పోలేదు.