అడగని సంగతి

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన ప్రతిదానికీ గంగాప్రసాద్ తరఫున హిందీలో జవాబు చెప్పింది నేనే. తిట్టదలచుకున్నవాళ్లు ముందు నన్ను తిట్టండి.

ప్రసాద్ దుబాయ్ పక్కనున్న మా అజ్మాన్ లేబర్ క్యాంపులో టైల్స్ మేస్త్రి, నేను వాడికి సిమెంటు కలిపేవాణ్ణి. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. ఎప్పుడో పరంజా మీంచి పడి విరిగిన కుడి చీలమండ అతుక్కున్నట్టే అతుక్కుని, లోపల అరిగిపోయింది. రెండేళ్లుగా గోడ పట్టుకునే నడిచేవాడు.

"కీలులో గుజ్జు మిగల్లేదు. ఎముకలు కలిపి స్క్రూలతో బిగిస్తాం. అక్కడ ఇక కదలిక ఉండదు, నొప్పీ ఉండదు" అన్నాడు డాక్టరు. మంచి మనిషే. ఎంత దూరం నడుస్తాడు, ఎన్ని గంటలు నిలబడతాడు, మెట్లెక్కుతాడా, అన్నీ అడిగాడు. గొంతుక్కూర్చుంటాడా అని అడగలేదు. మేమూ చెప్పలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ కూర్చుంటున్నాం, అదీ చెప్పుకోవాల్సిన సంగతని మాకేం తెలుసు?

"కదలకుంటె ఏమాయెరా, నొప్పి పోతె సాలు. మల్ల పదేండ్లు పనిజేస్త" అన్నాడు ప్రసాద్. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.

ఆపరేషనైన నాలుగు నెలలకు కట్టు, కర్ర అన్నీ పోయాయి. క్యాంపులో మంచం, కుర్చీ, కమోడు. నేల మీద కూర్చునే అవసరమే రాలేదు. నొప్పి లేకుండా వాడు తిరుగుతుంటే కొత్త పెళ్లికొడుకని ఏడిపించాను.

సైటులో మొదటిరోజు మేం ముదీర్ అని పిలిచే మేనేజరు ఆసిమ్ ఒక బాత్రూం చూపించి, "యల్లా ఉస్తాద్, మొదలుపెట్టు" అన్నాడు. నేను సిమెంటు పరిచాను. ప్రసాద్ టైలు పట్టుకుని కిందికి దిగాడు. ఎడమ కాలు వంగింది, కుడి పాదం వంగలేదు. వెల్లకిలా పడ్డాడు, టైలు పగిలింది. మోకాళ్ల మీద కూర్చోబోతే బిగుసుకున్న పాదం గునపంలా సిమెంటులో దిగబడింది. కాలు చాపుకుని కూర్చుంటే చెయ్యి మూలకు అందలేదు.

ఆసిమ్ కాసేపు చూసి తల తిప్పుకున్నాడు. "ఖలాస్ భాయ్, ఇక అయిపోయింది. ఆదివారం ఊరికి టికెట్ తీయిస్తా."

ప్రసాద్ నేల మీంచి లేవలేదు. "రాజమౌళీ, డాక్టర్‌ను అడుగురా. గా స్క్రూలు తీసి నా నొప్పి నాకిచ్చెయ్యుమను. నొప్పితోనే పని జేసుకుంట."

నాకు ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఫోన్ చేసి అడిగాను కూడా. ఎముకలు ఒకటైపోయాయి, మళ్లీ మామూలు కీలు చేయలేం అన్నారు.

సాయంత్రం వాడి భార్య కల్పన వీడియో కాల్ చేసి, నడిచి చూపించమంది. మంచాల మధ్య అటూ ఇటూ నడిచాడు. నడక చక్కగా ఉంది. ఆమె సంతోషంతో ఏడ్చింది. కొండగట్టు అంజన్నకు మొక్కుకుందట. వాడు ఫోన్ నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అన్నా, నొప్పి నిజంగనే లేదా? నా మీద ఒట్టు పెట్టి చెప్పు."

"లేదమ్మా, ఒట్టు."

"మంచిగ నడుస్తుండు గదా?"

"నడుస్తుండు."

ఆమె కూడా నడక గురించే అడిగింది, నొప్పి గురించే అడిగింది. అడగని సంగతి నేను మళ్లీ చెప్పలేదు.