వెంగళ నాయుని సందు

ఇనుప మూత పక్కకు జరిపి, కరీముల్లా గుంతలోకి వంగి వాల్వును ఏడు చుట్లు తిప్పాడు. లోపల గొట్టం గురగురమంది. ప్రొద్దుటూరు మున్సిపాలిటీలో నీళ్లు వదిలే పనిలో ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. నడుము ముందుకు వంగిపోయింది. కుడి అరచెయ్యి కాయలు కాచి చెక్కలా ఉంటుంది. ఏ వీధికి ఎన్ని చుట్లో అతనికి తెలుసు కానీ, పేర్లను ఏనాడూ పట్టించుకోలేదు.

ఈ వీధిది వెంగళ నాయుని పేరు. తెల్లవాళ్లను ఎదిరించి ఉరికంబమెక్కిన పాలెగాడని కొందరంటారు. కప్పం కట్టని రైతుల వాములు తగలబెట్టిన దొంగని మరికొందరు. మగ్గాలు ఆడినన్నాళ్లూ ఆ గొడవ ఎవరికీ లేదు. మగ్గాలు పోయి అపార్టుమెంట్లు లేచాక కొత్తవాళ్లు అర్జీ పెట్టి, వీధి పేరును ‘నవోదయ’గా మార్పించారు. మొన్న సూపర్‌వైజరు చెప్పగానే నిచ్చెనెక్కి పాత బోర్డు విప్పి కొత్తది బిగించింది కరీముల్లానే. నిన్న ఎవరో దానికి తారు పూసిపోయారు.

తొమ్మిదో ఇంటి సరోజమ్మ బిందెతో ఇంటి ముందు కుళాయి దగ్గరికొచ్చింది. ఆ పక్క బడిలోనే పంతులమ్మగా చేసి రిటైరయింది.

“బోర్డు పీకింది నువ్వేనంట కదప్పా?”

“పైనోళ్లు చెప్పినారు టీచరమ్మా. ఆ నాయుడు మంచోడో చెడ్డోడో నాకేం తెలుసు?”

“నాకూ తెల్దులే. పిల్లోళ్లు అడిగితే రెండు కతలూ చెప్పేదాన్ని” అని నవ్వింది.

నవ్వుతూనే గుండె పట్టుకుంది. బిందె దొర్లింది. కరీముల్లా అందుకునేలోపే ఆమె గోడవారగా కూలబడింది.

ఆమె కోడలు సింధూ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి అంబులెన్సుకు ఫోను చేసింది. వెంగళ నాయుని వీధి అని మూడుసార్లు అరిచి చెప్పింది.

పావుగంటకు పెద్దరోడ్డు మీద సైరను వినిపించింది. దగ్గరికొచ్చింది. మళ్లీ దూరమైంది.

“పోతాంది! అది పోతాంది!” సింధూ కేక పెట్టింది.

కరీముల్లా సైకిలెక్కాడు. రెండు మలుపుల అవతల అంబులెన్సు ఆగి ఉంది. డ్రైవరు కిందికి దిగి కొట్టువాణ్ణి దారి అడుగుతున్నాడు.

“ఈడ కాదప్పా! ఎనక్కి తిప్పు!”

“బోర్డు యాడుంది మామా? ఆ మూలన తారు పూసిన రేకు తప్ప ఏమీ ల్యా!”

కరీముల్లాకు తన చేత్తో విప్పిన నాలుగు బోల్టులు కళ్ల ముందు తిరిగాయి. అదే చేత్తో దారి చూపించాడు.

ఆసుపత్రి గేటు దాటకముందే సరోజమ్మ ఊపిరి ఆగిందని మధ్యాహ్నం కబురొచ్చింది.

కరీముల్లా ఏడవలేదు. నిచ్చెన తెచ్చి మూల మీద వేసి, కిరోసిన్ గుడ్డతో బోర్డు మీది తారు తుడవసాగాడు. కింద బండి ఆపి ఒకతను గద్దించాడు.

“ఏంది సాయిబూ, నాయుని పేరు పీకి పెట్టిన బోర్డుకు సేవ చేస్తాండావా?”

“ఏ పేరైనా సరేనప్పా, వచ్చేటోళ్లకు కనబడల్ల” అన్నాడు కరీముల్లా వెనక్కి తిరగకుండా. “టీచరమ్మ సచ్చిపోయింది.”

బండివాడు దిగి నిచ్చెన పట్టుకున్నాడు.

నల్లటి రేకులోంచి అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. చేతులు తుడుచుకుంటూ కరీముల్లా తొమ్మిదో ఇంటి ముందుకొచ్చి ఆగిపోయాడు. గడప పక్కన తడిలో టీచరమ్మ నీలం వార్ల హవాయి చెప్పు ఒక్కటే పడి ఉంది, మడమ దగ్గర అరిగి, తెగిన చోట పిన్నీసు పెట్టి.