లైన్ పోయినా సమ్మతే

ఆఫీసులో ఆవిడను అందరూ అతుకులమ్మ అంటారు, మొహం మీదే. ఆవిడ కోపం తెచ్చుకోదు. ఉప్పూ నిప్పుగా ఉండే దేశాల శాస్త్రవేత్తలను ఒకే తెర మీద కూర్చోబెట్టి, కరిగిపోతున్న మంచును అందరిచేతా ఒకే పద్ధతిలో కొలిపించడం ఆవిడ ఉద్యోగం మరి. ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటారు. మంచు మాత్రం వీళ్ళ అలకలు తీరేదాకా ఆగదు.

ఆ సమావేశాలకో నియమం ఉంది. ఏ ఒక్క బృందం అడ్డు చెప్పినా ఆ అంశం వాయిదా. ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. కొందరు పెద్దమనుషులు గిట్టని అంశం రాగానే లైన్ పోయిందంటూ మాయమయ్యేవారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా పని అంగుళం కదిలేది కాదు. చూసీ చూసీ విసిగిపోయి అతుకులమ్మే ఒక మాట చేర్పించింది, లైన్ పోయినా సమ్మతే అని. దాంతో దొంగవేషాలు ఆగిపోయాయి.

ఈ రోజు అంశం, కొండల మీది కొలత కేంద్రాలను మూసేసి ఆ పని ఉపగ్రహాలకు అప్పగించడం. అందులో ఒక కేంద్రం ఆవిడ అన్నయ్యది. మంచులో గడలు పాతి, ఏటేటా ఎంత తరిగిందో కొలవడంలోనే ఆయన జుట్టు నెరిసింది. పొద్దున్నే ఫోన్ చేశాడు.

“అడ్డు నేను చెప్తాను. నువ్వు నోరు మెదపకు. అన్న కోసం చేసిందంటారు.”

“మీ లైన్ మాటిమాటికీ పోతుంది కదా అన్నయ్యా?”

“పైకెక్కి యాంటెనా మీద మంచంతా దులిపొచ్చాలే.”

అంశం రానే వచ్చింది. అధ్యక్షుడు చదవడం ముగించాడు. తెర మీద అన్నయ్య నోరు తెరిచాడు, అలాగే ఉండిపోయాడు. బొమ్మ కదల్లేదు.

అతుకులమ్మ చెయ్యి మైకు మీట దాకా వెళ్ళింది. ఆగండి అని ఒక్క మాటంటే చాలు. కానీ అంటే, ఇన్నాళ్ళూ లైన్ వంకతో ఆడుకున్నవాళ్ళంతా మీద పడతారు, మాకో న్యాయం మీ అన్నకో న్యాయమా అని. నియమమూ పోతుంది, దాన్ని పట్టుకుని కాళ్ళావేళ్ళా పడి కుదిర్చిన ఒప్పందమూ పోతుంది. ఆ మాట చేర్పించిన తన తెలివి మీద ఆవిడకే అసహ్యం వేసింది.

“అభ్యంతరం ఎవరికీ లేదు కదా?” అంటూ అధ్యక్షుడు ఆవిడ వైపు చూశాడు.

“లేదండీ,” అంది.

తర్వాతి అంశం సముద్రపు వేడి గురించి. దాని మధ్యలో అన్నయ్య బొమ్మ కదిలింది. మొహం వెలిగిపోతోంది. పోయిన లైన్లోనే ఆయన మాట్లాడుతూ ఉన్నాడన్నమాట.

“చాలా సంతోషమండీ. చెప్పాల్సిందంతా చెప్పాను. ఒక్కరు కూడా కదలకుండా విన్నారు, ఒక్కరు కూడా కాదనలేదు. కేంద్రం ఉంటుందని మావాళ్ళకు చెప్పేశాను. ఈ చలికాలం కొత్త గడలు దింపుతాం.”

అధ్యక్షుడు తల వంచుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. చెప్పాల్సింది ఆవిడే. మైకు మీట నొక్కింది.

“అన్నయ్యా,” అంది. సమావేశంలో ఆయన్ని ఎన్నడూ అలా పిలవలేదు.

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. వెనక గదిలో ఆయన మనుషులు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.