కోళ్ళగూడు మూల

కోళ్ళు పోయి ఆరేళ్ళయినా కోళ్ళగూడు మాత్రం మా పెరట్లో అలాగే ఉండేది. జూన్‌లో మా ఆయన తోర్గైర్ గుండె జబ్బుతో మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను రంపం తీసుకుని దాన్ని కూల్చేశాను. పునాది రాళ్ళు పెకలించి వాటితోనే గట్టు కట్టి, మధ్యలో స్ట్రాబెర్రీ మొక్కలు పెట్టాను. ఇంటికొచ్చే మనిషికి కానుక అన్నమాట.

వచ్చినరోజు ఆయన వంటింటి కిటికీలోంచి చూశాడు.

"గూడేదీ?"

"తీసేశా. స్ట్రాబెర్రీలేశా."

"బావుంది," అన్నాడు. తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు. మందుల ప్రభావం కాబోలనుకున్నాను. మా ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన రెండు రోజులు మాట్లాడకపోవడం పెద్ద విశేషం కూడా కాదు.

తోర్గైర్ మాట్లాడేది గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దిగి వచ్చాకే. మా ఇంటి ముందున్న ఫియోర్డ్‌లో, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, ఇరవై నాలుగు మీటర్ల లోతున, ఒక రాతి సొరంగంలో రాయికొరుకు చేపల జంట ఉంటుంది. నేను వాటిని ఫొటోల్లోనే చూశాను. బస్సు తప్పిపోయిన ముసలాయన మొహం, గుల్లల్ని నమిలి పిండి చేసే దవడలు. అక్టోబర్‌లో ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతే, మగది ఆ గుడ్ల బంతిని ఒళ్ళో చుట్టుకుని నెలల తరబడి తిండి మానేసి కాపలా కాస్తుంది. పదకొండేళ్ళుగా మా ఆయన ప్రతి అక్టోబర్‌లోనూ వెళ్ళి దాన్ని పరామర్శించి వస్తున్నాడు. నాకు జ్వరమొస్తే గుమ్మంలో నిలబడి పలకరించే మనిషి.

ఆ సొరంగం ఎక్కడో ఎవరికీ చెప్పడు. నాకు కూడా. మా ఊళ్ళో సముద్రం మీద చోటు గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటుంది. పడవలోంచి ఒడ్డుకేసి చూస్తే ముందున్న వస్తువూ వెనకున్న వస్తువూ ఒకే గీతలోకి రావాలి. అలాంటి గీతలు రెండు కలిసిన చోట లంగరు వేస్తారు. ఆ గుర్తులు తండ్రి కొడుక్కి చెప్తాడు, అదీ మంచం పట్టాక. పెళ్ళాలకి చెప్పరు. పెళ్ళాలు కొట్టుకి వెళ్తారు, కొట్లో నోళ్ళుంటాయి. ఫోన్‌లో నొక్కి దాచుకోవచ్చు కదా అంటే, "ఫోన్‌కి కూడా నోరుంది," అంటాడు.

అక్టోబర్ మొదటి వారంలో మునిసిపాలిటీ నుంచి ఐవింద్ అనే అతను వచ్చాడు. కొత్త రోడ్డు కోసం కొండలో సొరంగమార్గం తవ్వగా వచ్చిన రాళ్ళని మా ఇంటి ముందు ఫియోర్డ్‌లో పోస్తారట. పెద్ద పడవ సోమవారం పొద్దున్న ఏడింటికి వస్తుందట. తోర్గైర్ ఫొటోలన్నీ బల్ల మీద పరిచాడు. ఐవింద్ నా వాఫెల్స్ మూడు తిని, మర్యాదగా అన్నీ చూశాడు.

"చేప బావుంది. కానీ ఈ చేప ఎక్కడైనా ఉండొచ్చు కదండీ. ఆదివారం సాయంత్రంలోగా పైన గుర్తుకి తాడుతో తేలే బుడగ కట్టి, కింద చేపని ఫొటో తీసి చూపించండి. రెండు వందల మీటర్లు పడమరకి పోయిస్తాను. ఆ మాత్రం అధికారం నాకుంది."

మంచివాడే. అందుకే ఇంకా బాధ.

డాక్టర్ మా ఆయన్ని పడవలో కూర్చోవచ్చన్నాడు గానీ నీళ్ళలోకి దిగొద్దన్నాడు. గత్యంతరం లేక ఆయన సున్నివాకీ, ఆమె మొగుడు యోస్టైన్‌కీ ఫోన్ చేశాడు. ఇద్దరూ పక్క ఊరి డైవర్లు. శనివారం తెల్లారి వచ్చి వరండాలో నీళ్ళు చొరని డ్రైసూట్లు తొడుక్కుంటూ సున్నివా నవ్వింది.

"మూడేళ్ళ కిందట ఇదే చేప ఎక్కడుందని అడిగితే ఎక్కడికి పంపావో గుర్తుందా తోర్గైర్?"

"లేదు."

"మురికినీటి గొట్టం దగ్గరికి!"

"ఏమైనా కనిపించాయా?" అన్నాను నేను.

"కనిపించాయి అస్లౌగ్. కాఫీ తాగుతున్నావు కదా, చెప్పను."

మా ఫియోర్డ్‌లో పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు ఆగే సమయం నలభై నిమిషాలు, దిగితే అప్పుడే దిగాలి. పగటి వెలుతురులో అది రెండుసార్లే వస్తుంది. పొద్దున్న దిగారు. వణుకుతూ పైకొచ్చారు. ఏమీ లేదు.

తోర్గైర్ వంటింట్లోకి వచ్చి, టోపీ తీయకుండానే కూర్చున్నాడు.

"ఒక గీత చర్చి గోపురానిది. వెనక కొండ మీద గంటు. అది బాగానే ఉంది. ఆ గీత పొడవునా మూడు వందల మీటర్లు, నిండా కన్నాలే. రెండో గీత లేకపోతే ఎక్కడని వెతుకుతారు?"

"రెండో గీత ఏమైంది?"

ఆయన కప్పులోకి చూశాడు. "వెనక, పక్కింటి జెండా కర్ర. ముందు..." ఆగాడు. "ముందు, మన కోళ్ళగూడు ఎడమ మూల."

పొయ్యి మీద చేపల వడలు మాడుతున్నాయి. నేను కదల్లేదు.

"జూన్‌లో చెప్పొచ్చు కదా!"

"చెప్తే గుర్తు బయటపడిపోదూ?"

ముప్పై నాలుగేళ్ళలో నేనీ మనిషిని తిట్టాల్సిన సందర్భాల్లో అది మొదటి మూడింట్లో ఉంటుంది. కానీ గూడు కూల్చింది నేను. రంపం నాది, కానుక నాది.

గూడు మూల ఎక్కడుండేది? పునాది రాళ్ళన్నీ ఇప్పుడు గట్టులో ఉన్నాయి, అందంగా. ఆల్బమ్‌లన్నీ బయటికి తీశాం. కోళ్ళ ఫొటోలున్నాయి. గూటికి ఫొటో ఎవరు తీస్తారు? ఒక తెల్లకోడి తోక వెనక బొటనవేలంత చెక్క కనిపించింది, అంతే.

రెండు చీపురుకర్రలు కలిపి కట్టి, దానికి పక్కదుప్పటి తగిలించి, స్ట్రాబెర్రీ మొక్కల మధ్య నిలబడ్డాను. గూటి మూల నేనే. పడవలోంచి ఆయన ఫోన్.

"ఎడమకి జరుగు."

"నా ఎడమా, నీ ఎడమా?"

"సముద్రం ఎడమ!"

"సముద్రానికి ఎడమేమిటి మనిషీ?"

ఇక్కడ నేను ఒక్క అడుగు జరిగితే అక్కడ పడవ పదమూడు అడుగులు జరగాలట. గూటికి ఎంత దగ్గర్లో ఆకుకూర మడి ఉండేదో, గుడ్ల బుట్ట పట్టుకుని గుమ్మం దాకా ఎన్ని అంగలు వేసేదాన్నో, కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాను. ఇరవై ఏళ్ళు రోజుకి రెండుసార్లు నడిచిన దారి. కాళ్ళకి గుర్తుంటుందనుకున్నాను. ఏమీ గుర్తులేదు.

శనివారం మధ్యాహ్నం ఏమీ దొరకలేదు. ఆదివారం పొద్దున్న మూడడుగులు కుడికి జరిగాను. ఏమీ లేదు. యోస్టైన్ పెదవులు వంకాయ రంగుకి తిరిగాయి. సున్నివా వేళ్ళు వంగక కప్పుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగింది. ఇద్దరిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం చివరి అవకాశం. గాలి లేచింది. దుప్పటి తెరచాపలా నన్ను లాగేస్తోంది. ఎక్కడ నిలబడాలో తెలియక, ఒకప్పుడు వాన పడితే బురదయ్యే చోటని అనిపించిన దగ్గర నిలబడ్డాను. అది లెక్క కాదు, ఉత్త ఊహ.

"ఆగు, అక్కడే ఉండు," అన్నాడు తోర్గైర్. "ఇదే అనుకుంటా."

నలభై నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. తర్వాత నారింజరంగు బుడగ ఒకటి నీళ్ళ మీదికి తేలింది. ఆ వెనకే రెండు తలలు.

సున్నివా ఒడ్డుకొచ్చి కెమెరా చూపించింది. బండ కింద నల్లటి పగులు. దాని ముందు దోసెడు దోసెడు నలిగిన గుల్లలు, ముళ్ళ బంతుల్లాంటి సముద్రజీవుల పెంకులు, కుప్పగా.

"దాని ఎంగిలే ఇది, వాకిట్లో పోసుకుంది. కానీ సొరంగం లోపలికి వంపు తిరిగింది అస్లౌగ్. దీపం వేసే లోపలే నా గాలి మీటరు ఎర్రగీత మీదికొచ్చింది. యోస్టైన్‌ది ఇంకా తక్కువ. ఇంకో రెండు నిమిషాలుంటే చాలు..." పళ్ళు టకటకలాడుతున్నాయి.

వెలుతురు పోతోంది, నీళ్ళు కదలడం మొదలెట్టాయి. ఐవింద్‌కి ఫొటో పంపాం. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"గుల్లలు కనిపిస్తున్నాయండీ. చేప ఏదీ?"

"లోపలుంది," అన్నాడు తోర్గైర్.

"నేను మిమ్మల్ని నమ్ముతున్నాను," అన్నాడు ఐవింద్. "కానీ నా నమ్మకాన్ని ఫైల్లో పెట్టలేను కదండీ."

సోమవారం ఏడింటికి చెప్పినట్టే పెద్ద పడవ వచ్చింది. మా బుడగ దాని ముందు తలాడిస్తూ నిలబడింది. మేమిద్దరం కిటికీ దగ్గర. దాన్నుంచి చిన్న పడవ ఒకటి దిగి, బుడగ దగ్గరికెళ్ళి, తాడు లాగి, నేరుగా మా ఒడ్డుకొచ్చింది. టోపీ పెట్టుకున్న ఒకతను తాడు చక్కగా చుట్టలు చుట్టి తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు.

"మీదేనటగా? రాళ్ళ కింద పోతుందేమోనని తెచ్చాను."

"థాంక్స్," అన్నాను.

మొదటి రాళ్ళు పడగానే అలమరలో కప్పులు గలగలమన్నాయి. తోర్గైర్ బల్ల దగ్గర కూర్చుని నా సరుకుల చీటీ వెనక్కి తిప్పి, పెన్ను నా ముందుకి తోశాడు.

"రాసుకో."

"ఏం రాయాలి?"

"మిగతావి. నువ్వు ఇంకేదైనా పడగొట్టే ముందు తెలిసుండాలి."

ముప్పై నాలుగేళ్ళకి నాకు చెప్పడం మొదలెట్టాడు. సముద్రపు ఈకలనే జీవులు ఎక్కడ, బండకి అతుక్కునే గుండ్రటి చేప ఎక్కడ, ఎర్ర పగడపు చెట్టు ఎక్కడ. ఒక్కోదానికి రెండు జతలు. నేను రాస్తున్నాను. అయిదోది మూడేళ్ళకోసారి వెళ్ళే చోటు, అటువైపు మలుపు దాటాక.

"ముందు, పాత చేపల గోదాము తలుపు. వెనక, పైన్ చెట్టు."

ఆ గోదాముని పోయిన శీతాకాలంలో తీసేశారు. కొట్లో విన్నాను. ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

కప్పులు మళ్ళీ గలగలమన్నాయి.

"రాశావా?" అన్నాడు.

"తలుపు ఎడమ అంచా, కుడి అంచా?" అన్నాను.

"కుడి."

కుడి, అని రాశాను.