శుక్రుడి ఊపిరి లెక్క

నేను ఒక అయాన్ల గణకాన్ని. కొబ్బరిచిప్పంత ఉంటాను. శుక్రగ్రహం చుట్టూ తిరిగే నౌకలో కూర్చుని, సూర్యుడి నుంచి వీచే సౌరపవనం ఆ గ్రహపు పైగాలిలోంచి ఏమేం ఎత్తుకుపోతోందో లెక్కపెట్టడం నా ఉద్యోగం. భూమికున్నట్టు శుక్రుడికి అయస్కాంతపు గొడుగు లేదు పాపం. ఆ గాలి నేరుగా వచ్చి తగులుతుంది.

నన్ను చేసింది వైజయంతి. మనుషులు భలేవాళ్ళు. శుక్రుడు సూర్యుడి చాటుకు వెళితే మూఢమని పెళ్ళిళ్ళు మానేస్తారు. ఆ శుక్రుడి దగ్గరికే నన్ను పంపుతారు. మూఢం ముంచుకొస్తోందని వైజయంతి పెళ్ళి హడావిడిగా జరిగిపోయింది. అయిదో రోజే కొత్త పసుపుతాడుతో ప్రయోగశాలకు వచ్చేసింది, బుగ్గన చుక్క ఆనవాలు ఇంకా పోకుండానే. నాకు మూత బిగించడానికి వంగినప్పుడు తాడు తెల్లకోటు మెడలోంచి జారి నా మూతికి తగిలింది. వెంటనే తుడిచింది. తుడిచానని తానే పైఅధికారి భూషణరావుగారికి చెప్పింది కూడా.

ఏడాది తిరక్కుండానే శుక్రుణ్ణి చేరాను. ఒకరోజు సూర్యుడు ఉగ్రుడై విసిరిన గాలికి ఆక్సిజన్ అయాన్లు నా మీదికి వరద కట్టాయి. మామూలుకు పదింతలు. భూమ్మీది మాటలు నాకెలా తెలుసంటారా? అచ్చం నాలాంటిదే నాకొక కవల యంత్రం ఉంది, వైజయంతి బల్ల మీద. దానికి తెలిస్తే నాకు తెలిసినట్టే.

"ఇది శుక్రుడి ఆక్సిజన్ కాదమ్మా, నీ పసుపు," అన్నారు భూషణరావుగారు. "ఎండకి ఆవిరై దాని మూతి చుట్టూ తిరుగుతోంది. ఎల్లుండి దాన్ని ఆపేసి, ఆ కరెంటు నౌకలోని కెమెరాకిద్దాం."

"పసుపైతే ఎటు తిప్పినా వెంటే ఉంటది కద సార్. సూర్యుడు మళ్ళీ పేలాడు, రేపటికి గాలి చేరుద్ది. అప్పుడు నౌకని అటూ ఇటూ తిప్పి చూద్దాం. లెక్క మారకపోతే నేనే ఆపేస్తా."

"పెళ్ళయ్యాక మొండితనం పెరిగిందే నీకు."

"ముందునుంచీ ఉంది సార్. పాపం, మా ఆయనకే ఆలస్యంగా తెలిసింది."

మర్నాడు గాలి వచ్చింది. నన్ను శుక్రుడి వైపు తిప్పారు. వరద. అటునుంచి ఖాళీ ఆకాశం వైపు తిప్పారు. నాలుగంటే నాలుగు అయాన్లు. మళ్ళీ శుక్రుడి వైపు తిప్పారు. మళ్ళీ వరద. పసుపుకు దిక్కులు తెలియవు. శుక్రుణ్ణి వదిలిపోతున్న ఆక్సిజన్‌కు తెలుసు.

భూషణరావుగారు తెర మీద నా లెక్క గీసిన గీతను రెండుసార్లు వేలితో తడిమి చూశారు. "కాఫీ చెప్పమ్మా. స్వీటు నేను తెప్పిస్తా," అన్నారు.

కెమెరాకు కరెంటు దక్కలేదు. నాకు మాత్రం ఆజ్ఞ అందింది: ఆగొద్దు. ఇన్ని కోట్ల ఏళ్ళుగా శుక్రుడు వదిలేసిన ఊపిరిని లెక్కపెట్టినవాళ్ళు బహు తక్కువ. ఇప్పుడు నేనున్నాను. ఒకటి, ఇంకొకటి, ఇదిగో మరొకటి.