ఎర్ర ఇసుక దాకా

గొట్టం పైకి లేచినప్పుడు అరచేత్తో దాని మూతి మూయాలి, కిందికి దిగేటప్పుడు చెయ్యి తీసెయ్యాలి. చూసేవాళ్ళకి మొక్సేద్ మిస్త్రీ పని అంతే. పొద్దుటినుంచీ వెదురు మంచె మీద గొంతుక్కూర్చుని అదే చేస్తున్నాడు. కింద బావమరిది హాతెం వెదురు దూలం పట్టుకుని వేలాడితే ఇనప గొట్టం లేచేది. హాతెం వదలగానే దబ్బున దిగేది, మొక్సేద్ చేతికిందనుంచి పేడ కలిసిన బురదనీళ్ళు బుస్సున చిమ్మి అతని మోచేతుల మీదుగా, కొత్త బోరింగు వేయించుకుంటున్న జొహురా పెరట్లోకి కారేవి. మట్టి పైకొస్తున్నకొద్దీ గొట్టం లోపలికి దిగుతోంది.

అతనికి అరవై దాటాయి. మేఘనా నది ఒడ్డు పల్లెల్లో చాలామందికి ఉన్నట్టే అతని ఛాతీ నిండా నల్లటి మచ్చలు, మధ్య మధ్య తెల్లటి చుక్కలు. అరచేతుల్లో శనగగింజలంత గట్టి కాయలు. ఆ కాయల సందుల్లోంచి గాలి దూరి గొట్టం మూతి సరిగా మూసుకోదు. అందుకని చేతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుంటాడు. ఈమధ్య నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

"బావా, ఇసుక ఇంకా బూడిదరంగేనా?" అన్నాడు హాతెం చెమట తుడుచుకుంటూ.

మొక్సేద్ చిమ్మిన ఇసుకని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "బూడిదే."

"ఒకప్పుడు ఇక్కడే ఆపేవాళ్ళం. నీళ్ళు పడేవి, కోడి కోసి పెట్టేవాళ్ళు."

"కోడి పెట్టినవాళ్ళే కదరా తర్వాత తిట్టింది. లాగు, లాగు."

అతని పడుచుతనంలో ఊళ్ళకి ఊళ్ళు చెరువు నీళ్ళు తాగి, వాంతులూ విరేచనాలతో పోయేవి. బోరింగు వేసుకోండని అందరూ చెప్పారు. ఆ రోజుల్లో మొక్సేద్ కోసం జనం ఇంటిముందు కాచుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళకి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. జొహురా మామగారి పెరట్లో పంపు వేసింది కూడా అతనే. నీళ్ళు పడ్డ రోజున ఆ ముసలాయన ఆ ధార కింద తలపెట్టి చిన్నపిల్లాడిలా గెంతాడు. ఏళ్ళు గడిచాక సీసాలూ కాగితం ముక్కలూ పట్టుకుని పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. నేలలోంచి నీళ్ళలోకి ఊరే విషం ఉన్న పంపుకి ఎర్రరంగు, లేనిదానికి పచ్చరంగు వేసుకుంటూ పోయారు. ఊరు ఊరంతా ఎర్రబడింది. టీకొట్టు దగ్గర ఎవడో అతన్ని 'విషం మిస్త్రీ' అన్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు.

ఆ మాటకన్నా అతన్ని ఎక్కువ బాధపెట్టింది అర్థం కాకపోవడం. అదే చెయ్యి, అదే గొట్టం. జొహురా ఇంట్లో పంపు ఎర్రది. చెరువుకి అవతల మొల్లాగారింట్లో పంపు పచ్చది. ఎందుకు? రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. "పామైతే బుస కొడుతుంది, దీనికి బుసైనా లేదే" అనుకునేవాడు. అప్పటినుంచీ తవ్విన ప్రతిచోటా పైకొచ్చిన ఇసుకని చూడడం మొదలుపెట్టాడు. బూడిదరంగు ఇసుకలో పడ్డ నీళ్ళకి తరచు ఎర్రరంగు వేస్తున్నారు. ఇటుకపొడిలా ఎర్రటి ఇసుక తగిలినచోట తరచు పచ్చరంగు వేస్తున్నారు. కారణం తెలీక, పరీక్షలు చేసే రొకేయా అనే అమ్మాయిని ఆపి అడిగాడు.

"ఆ ఎరుపు తుప్పు చాచా," అంది ఆ అమ్మాయి సైకిల్ దిగి. "ఇసుక రేణువులకి ఇనప తుప్పు పట్టి ఉంటే విషం ఆ తుప్పుకి అతుక్కుపోతుంది, నీళ్ళలోకి రాదు. బూడిదరంగు ఇసుకలో తుప్పు కరిగిపోయి ఉంటుంది. అయినా ఇసుక చూసి నమ్మేయకు, నన్ను పిలువు, పరీక్ష చేస్తాను."

ఆ రాత్రి అన్నం తింటూ కూడా నవ్వుకున్నాడు. తుప్పు కాపలా కాస్తుందట!

"అయితే నా సైకిలంత భద్రమైన చోటు ఈ జిల్లాలోనే లేదు," అన్నాడు హాతెం విని.

ఇవాళ జొహురా పెరట్లో మధ్యాహ్నానికే తెచ్చిన గొట్టాలన్నీ అయిపోయాయి. ఆఖరి గొట్టంలోంచి బూడిద ఇసుకతోపాటు నల్లటి చెక్కముక్క ఒకటి వచ్చింది. మొక్సేద్ దాన్ని వాసన చూశాడు. అంత లోతునుంచి వచ్చినా కుళ్ళు వాసనే.

"ఇక్కడ అడివి ఉండేదంటావా హాతెం?"

"ఉంటే పులి కూడా ఉంటుంది. చెయ్యి జాగ్రత్త."

జొహురా ఉల్లిపాయలూ ఎండుచేపల పచ్చడీ వేసిన చద్దన్నం తెచ్చి అరుగు మీద పెట్టింది. నలభై దాటిన మనిషి. ఆ ఎర్రపంపు నీళ్ళు తాగే ఆమె భర్త అరికాళ్ళు పగిలి, పుళ్ళు పడి, మంచంపట్టి పోయాడు. ఆ తర్వాత ఆమె చెరువు చుట్టూ తిరిగి మొల్లాగారింటికి బిందె మోసింది. మొల్లాగారి భార్య మొదట్లో జాలిపడింది, తర్వాత "నీ బిందెకి అడుగు లేదా ఏమిటే, ఎన్నిసార్లొస్తావు?" అంది, చివరికి తలుపుకి గొళ్ళెం పెట్టింది. దాంతో జొహురా ఇరుగుపొరుగు రెండిళ్ళవాళ్ళనీ కూడగట్టి ఈ పని మొదలుపెట్టించింది.

"ఆపేద్దామా చాచా?" అంది. గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే అతనికి కష్టంగా తోచింది.

"ఇక్కడ ఆపితే నీకు ఇంకో ఎర్రపంపు వస్తుందమ్మా."

"మరి కింద ఏముంది?"

"తెలీదు. అందుకే చూడాలి."

హాతెంని అన్నం తినమని, తను ఇంటికి నడిచాడు. పెరట్లో రెండు పాత గొట్టాలు పాతి, మధ్య తాడు కట్టి, అతని భార్య ఆంబియా బట్టలు ఆరేసుకుంటుంది. మొక్సేద్ బట్టలు తీసి అరుగు మీద పడేసి, పలుగుతో గొట్టం మొదలు కుళ్ళగించడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా? మతిపోయిందా?" అంటూ ఆంబియా పరుగెత్తుకొచ్చింది.

"జొహురా ఇంట్లో గొట్టాలు చాల్లేదు."

"చాలకపోతే నా దండెం పీకుతావా? మరి నా చీరలెక్కడ ఆరెయ్యను, నీ నెత్తిమీదా?"

"రెండు గొట్టాలు దిగితే ఎర్ర ఇసుక తగులుతుందేమోనే."

"తగలకపోతే?"

"అప్పుడు ఏం తగిలిందో తెలుస్తుంది కదా."

ఆంబియా అతని మొహంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి చీరె కొన్నప్పుడూ ఇలా లేడు, కొడుకు పుట్టినప్పుడూ ఇలా లేడు. నేలలో ఏముందో అన్న మాట వచ్చినప్పుడు మాత్రం కళ్ళు పదేళ్ళవాడి కళ్ళయిపోతాయి. "ఊఁ, పట్టు" అని రెండో గొట్టం తనే పట్టుకుని ఊపింది. పిలిపించిన రిక్షాబండి మీదకి గొట్టాలు ఎక్కించేటప్పుడు అతను ఆగి ఊపిరి తీసుకోవడం గమనించింది. "సాయంత్రం తొందరగా రా. కొర్రమీను పులుసు పెడతాను," అంది.

తిరిగి మంచె ఎక్కాడు. ఎడమ భుజం బరువుగా ఉంది. మొదటి గొట్టం దిగింది, బూడిదే. రెండోది సగం దిగేదాకా జిగట బంకమట్టి. హాతెం వెదురుకి వేలాడి తిట్టని తిట్టు లేదు. ఆ తర్వాత గొట్టం ఒక్కసారిగా సులువుగా జారింది. మొక్సేద్ అరచేతికింద ఇసుక గరగరలాడింది. చెయ్యి తీశాడు. చిమ్మిన నీళ్ళ రంగు మారింది.

"ఆపు," అన్నాడు మెల్లగా.

జొహురా లోపల్నుంచి తెల్ల పింగాణీ గిన్నె తెచ్చి ఇచ్చింది. అతను దోసిట్లో పట్టిన ఇసుకని అందులో పోసి, బురద వంచి, నీళ్ళు పోసి మళ్ళీ వంచాడు. గిన్నె అడుగున తేరిన ఇసుక ఎర్రగా, తడిగా, పండిన పోకకాయ తొక్కలా మెరిసింది. జొహురా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చిందా బావా?"

"వచ్చింది. రేపు రొకేయాని పిలవాలి. పరీక్ష కాకుండా ఎవరూ తాగకూడదు," అంటూ మంచె దిగి, పోకచెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఇసుకని వేలితో గీసి చూస్తున్నాడు. "హాతెం, దీనికింద ఏముంటుందంటావ్?"

"దీనికింద టీకొట్టుంటుంది. నేను తెస్తానుండు," అని హాతెం వెళ్ళాడు.

జొహురా బెల్లమూ మరమరాలూ తీసుకుని వచ్చేసరికి మొక్సేద్ తల కాస్త వంచి గిన్నెలోకే చూస్తున్నాడు. చాచా అని పిలిచింది. ఇసుక చూసుకుంటున్నాడు కదా అని పక్కన పెట్టి వెళ్ళబోయింది. అతని గడ్డం మీద ఈగ వాలింది. అతను తోలలేదు. హాతెం టీ గ్లాసులతో పెరట్లోకి వచ్చేసరికి ఆమె అతని చెయ్యి పట్టుకుని నేలమీద కూలబడి ఉంది.

మర్నాడు మట్టి చేశారు. మొల్లాగారి భార్య కూడా వచ్చి ఆంబియా పక్కన చాలాసేపు కూర్చుంది. నాలుగోనాడు హాతెం ఒంటరిగా వచ్చి పంపు బిగించాడు. రొకేయా వచ్చి సీసాలో నీళ్ళు పట్టి, పొడులు కలిపి, మూతకింద కాగితం పెట్టి కాచుకుంది. హాతెం సీసా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. విషముంటే రంగు మారాల్సిన కాగితం తెల్లగానే ఉంది. ఆమె ఇంకోసారి చేసి చూసి, పచ్చరంగు డబ్బా మూత తీసింది.

మొదటి బిందె జొహురా ఆంబియాకి పంపింది. ఆ తర్వాత మూడిళ్ళవాళ్ళూ, అవతలి సందువాళ్ళూ వచ్చి పట్టుకున్నారు. జొహురా తన పెరటి దారికున్న తడికె తలుపు తీసేసి పొయ్యిలోకి వాడుకుంది.

పింగాణీ గిన్నె మాత్రం ఆమె కడగలేదు. కిటికీ గట్టుమీద ఇసుక ఎండి బిగుసుకుంది. మధ్యలో అతని వేలు గీసిన గీత, అంచుదాకా వెళ్ళకుండా ఆగి, అలాగే ఉంది.