ఆగని కారుకు కొట్టిన కాయ

ఆ ఉదయం ఆకాశమంతా బూడిదరంగు మబ్బు కమ్ముకొని ఉంది. వాన కురవదు, ఎండ రాదు. నంది కొండ వైపు నుంచి వీచే చలిగాలి ఆ మబ్బును మెల్లగా ఉత్తరానికి తోస్తూ ఉంది. చిక్కబళ్లాపురం నుంచి బాగేపల్లికి పోయే దారిలో, పెద్ద బండరాతి గుండును చుట్టుకొని రోడ్డు మెలి తిరిగేచోట, మునేశ్వరుడి గుడి ముందు పూజారి బయ్యప్ప కసువు ఊడుస్తున్నాడు.

గుడి అంటే గోపురమూ ప్రాకారమూ ఉన్నది కాదు. మూడు బండలు నిలబెట్టి, మీద ఒక బండ కప్పి, లోపల పసుపు పూసిన రాయి. ఎద్దులబండ్లు మాత్రమే తిరిగిన రోజుల్లో ఆ రాయికి ఏడాదికొకసారి పొంగలి పెట్టేవాళ్లు, అంతే. మోటార్లు వచ్చాక దానికి పేరు వచ్చింది. చింతామణి నుంచి పెళ్లివారితో వచ్చిన బస్సొకటి ఆ మలుపులో బోర్లా పడింది. ఆ మరుసటి ఏడు గుడిబండె బండివాడు ఒకడు మోటారు కిందపడి చనిపోయాడు. మునేశ్వరుడు ఆకలితో ఉన్నాడని జనం అనుకున్నారు. అప్పటినుంచి ఏ మోటారు వచ్చినా మలుపుకు ఇవతలే ఆగేది. డ్రైవరు దిగి, టెంకాయ కొట్టించి, బండి ముఖాన కుంకుమ పెట్టి, మళ్లీ ఎక్కి మెల్లగా కదిలేవాడు. అలా కాయ కొట్టిన బండికి ఏ ఆపదా రాలేదు. చుట్టుపక్కల పల్లెల్లో మునేశ్వరుడి మహిమ గురించి చెప్పుకోనివాళ్లు లేరు.

బయ్యప్ప కసువు ఎత్తుతుండగా నల్లటి కారొకటి వచ్చి ఆగింది. చిక్కబళ్లాపురంలో పట్టునూలు తీసే కొట్టాలున్న చెన్నరాయప్పది ఆ కారు. యుద్ధంలో పారాచూట్లకు పట్టు కావలసివచ్చి, ఆ పని చేసినవాళ్లకు బాగా కలిసివచ్చింది. యుద్ధం ముగిశాక, బెంగుళూరు కంటోన్మెంటు దండులోని దొర ఒకడు తన దేశానికి వెళ్లిపోతూ అమ్మిన ఎనిమిది సిలిండర్ల కారును చెన్నరాయప్ప కొన్నాడు. దాన్ని నడుపుతున్నది ముత్యాలప్ప. అతను బయ్యప్పకు అల్లుడు.

యుద్ధకాలమంతా ముత్యాలప్ప బొగ్గుగ్యాసు బస్సు నడిపినవాడు. మిట్ట వచ్చిందంటే జనం దిగి ఆ బస్సును తోసేవాళ్లు. ఈ మలుపు దగ్గర ఆపి, వెనక ఉన్న కొలిమిలో బొగ్గు కుళ్లగించి, కాయ కొట్టించి, దగ్గుకుంటూ పోయే బస్సది. ఇప్పుడు అతను కారు తలుపు మూసే తీరులోనే కొత్త దర్జా కనిపించింది.

“దీన్ని ఎవురూ దిగి తొయ్యాల్సిన పని లేదు మామా. కాలు పెడితే చాలు, ఎగురుతాది” అన్నాడు నవ్వుతూ.

“ఇది ఎగిరే దోవ కాదు నాయనా, చూసి పోనీ” అన్నాడు బయ్యప్ప.

చెన్నరాయప్ప కారు దిగలేదు. ఆయన తొందర ఆయనది. బాగేపల్లి వైపు పల్లెల్లో పట్టుగూళ్లు కొని అదేరోజు తన కొట్టానికి చేర్చాలి. ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలు తొడిగి గూడు చించుకొని బయటపడుతుంది. చిల్లిపడిన గూడు నూలుకు పనికిరాదు. పైగా, ముందు చేరినవాడికే మంచి గూళ్లు దొరుకుతాయి. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి బయ్యప్పను దగ్గరికి పిలిచాడు.

“బయ్యప్పా, పోతా ఒకసారి, వస్తా ఒకసారి ఈడ నిలిచేదానికి నాకు పొద్దు చాలదు. మా తోట కాయలు మూటకట్టి పంపిస్తా. మోరీ కాడ హారన్ వినబడతానే నా పేరు చెప్పి నువ్వే ఒక కాయ కొట్టు. మునేశ్వరునికి కాయ ముడితే సరి గదా?”

ఇందులో తప్పేముందో బయ్యప్పకు తోచలేదు. పెద్ద గుళ్లలో రాలేనివాళ్ల పేరున అర్చన చేయించడం లేదా? ఇదీ అంతే అనుకున్నాడు. అంత పెద్దమనిషి తన గుడిని నమ్మినందుకు కొంచెం గర్వంగా కూడా ఉంది. సరేనన్నాడు.

చెప్పినట్టే కాయల మూట వచ్చింది. మలుపుకు ఇవతల, రోడ్డు కింద తూము ఉన్న మోరీ దగ్గర హారన్ మోగగానే బయ్యప్ప కాయ కొట్టేవాడు. అది పగిలేలోపల కారు గుడి ముందు నుంచి దూసుకుపోయేది. లేచిన దుమ్ము దేవుడి ముఖాన పడేది. చక్రాల కింద నుంచి ఎగిరిన గులకరాళ్లు వచ్చి బండలకు తగిలేవి. ముత్యాలప్ప ఒక చెయ్యెత్తి దణ్ణం పెట్టినట్టు చేసేవాడు. మలుపు దాటాక మరొకసారి హారన్ మోగించేవాడు.

ఆ రెండో హారన్ దేవుడి కోసం కాదు. బయ్యప్ప కూతురు తిమ్మక్క కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది. ఇల్లు గుడికి కూతవేటు దూరమే. మొదటి హారన్ వినబడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి ఆమె వాకిట్లోకి వచ్చేది. గుండు అడ్డం కాబట్టి మలుపు అవతల ఏం జరిగేదీ ఆమెకు కనిపించదు. కడుపు మీద చెయ్యి పెట్టుకొని అలాగే నిలబడేది. రెండో హారన్ వినబడ్డాకే లోపలికి పోయేది. ఎందుకమ్మా ఇంత భయమని తల్లి అక్కయమ్మ అడిగితే, భయం కాదు, ఊరికే అనేది.

రోజులు గడిచేకొద్దీ కారు వేగం పెరిగింది. ఒకసారి రోడ్డు మీద పడుకున్న కుక్క పోయింది. ఇంకోసారి గడ్డిమోపుతో వస్తున్న ముసలామె పక్కకు దూకి రోడ్డు పక్క కాలవలో పడింది. దెబ్బలేమీ తగలలేదు గానీ, ఆమె తిట్టిన తిట్లు గుడిదాకా వినబడ్డాయి. ఆ మాటలు అల్లుడికి చెప్పాలని బయ్యప్ప అనుకున్నాడు. చెప్పడానికి కారు ఆగితే గదా. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నోరు తెరిచి చెప్పాడు కూడా. ముత్యాలప్ప తల వంచుకొని విన్నాడు. నెమ్మదిగా పోతే సావుకారి వెనక సీట్లోంచి భుజం మీద తడతాడని, రెండుసార్లు తట్టించుకుంటే మూడోసారి డ్రైవరు సీట్లో వేరేవాడు కూచుంటాడని అన్నాడు. సావుకారికి చెప్పే ధైర్యం మామకూ లేదు, అల్లుడికీ లేదు.

బయ్యప్పకు భయం పట్టుకుంది. ఆ భయానికి అతను చేసిన పని ఒక్కటే. కారుకు ఒక కాయకు బదులు రెండు కొట్టడం మొదలుపెట్టాడు.

అది చూసి అక్కయమ్మ ఊరుకోలేదు. “ముందర బస్సోళ్లు ఒక్క కాయతో పోతాండ్రి, వాళ్లకేమీ కాలే. ఈయనకు రెండు కావల్సి వచ్చెనా? నీ దేవునికి కాయే కావల్నో, బండి నిలిచేదే కావల్నో, ఒకసారి అడిగి చూడు” అంది.

“ఆడదానివి, నీకేం తెలుసు” అన్నాడు బయ్యప్ప.

“అవును, నాకేం తెలుసు. నిలిచిన బండి నడిచినట్ల పోతాది, నిలవని బండి ఎగిరినట్ల పోతాది. కండ్లుండేదానికి అంతే తెలిసేది” అని ఆమె చాట తీసుకొని లోపలికి పోయింది.

ఆ మాట బయ్యప్పకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకున్నా పైకి ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే కాయల మూట తిప్పి పంపాలి, సావుకారి ముందు నిలబడి వద్దని చెప్పాలి. రేపు చూద్దామనుకున్నాడు. చదువరులారా, లోకంలో చాలా ఆపదలు ఇలా రేపటికి వాయిదా పడిన మాటల్లోనే పెరుగుతాయి.

అది జరిగిన రోజు వాన లేదు, మంచు లేదు. రోడ్డు పొడిగా, తెల్లగా ఉంది. ఎండ కూడా కళ్లలోకి కొట్టడం లేదు. మలుపు అవతల వేరుశనగ బస్తాల బండి ఒకటి నిలిచిపోయి ఉంది. ఇరుసు చీల జారిపోతే బండివాడు దిగి, రోడ్డు మీద వంగి దాన్ని వెతుకుతున్నాడు. ఆ సంగతి గుండుకు ఇవతల ఉన్న ఎవరికీ తెలియదు.

మోరీ దగ్గర హారన్ మోగింది. బయ్యప్ప చెన్నరాయప్ప పేరు చెప్పి మొదటి కాయ కొట్టాడు. అది నిలువునా, తెల్లగా పగిలింది. మంచి శకునం. కారు గుడి ముందు నుంచి పోయింది. అతను రెండో కాయ కొట్టాడు. అదీ అలాగే పగిలింది. చిప్పలు రెండూ చేతుల్లో ఉండగానే, గుండు అవతల నుంచి చక్రాలు రోడ్డును గీరిన చప్పుడు, ఆ వెంటనే బండరాయి దొర్లినట్టు పెద్ద చప్పుడు వచ్చాయి. తరువాత ఎద్దుల మెడల్లో గంటలు మాత్రమే మోగాయి.

రెండో హారన్ వినబడలేదు.

వాకిట్లో తిమ్మక్క కొంతసేపు అలాగే నిలబడింది. తరువాత, పరుగెత్తకూడని మనిషి పరుగెత్తింది. అక్కయమ్మ వెనకనుంచి పట్టుకొని ఆపింది.

బండిని తప్పించబోయి కారు గుండుకు కొట్టుకొని, కాలవలోకి పక్కకు తిరగబడింది. బండివాడికి, ఎద్దులకు ఏమీ కాలేదు. చెన్నరాయప్ప భుజం ఎముక విరిగింది. ముత్యాలప్ప కుడికాలు కారు తలుపు కింద నలిగిపోయింది. పొలాల్లో ఉన్నవాళ్లు వచ్చి కారును ఎత్తి అతన్ని లాగారు. అంతలో చిక్కబళ్లాపురం బస్సు వస్తే ఇద్దరినీ అందులో పడుకోబెట్టారు. మలుపు దాటి గుడి ముందుకు రాగానే డ్రైవరు అలవాటు ప్రకారం కాయ కొట్టించడానికి దిగబోయాడు. బస్సులోనే ఉన్న బయ్యప్ప వద్దన్నాడు. “కాయ వద్దప్పా. దోవ చూసుకొని పో, చాలు” అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు ముత్యాలప్ప కాలును మోకాలి కింద తీసేశాడు. ప్రాణం నిలబడుతుందో లేదో కొన్నాళ్లు ఎవరూ చెప్పలేకపోయారు. బయ్యప్ప అల్లుడి మంచం దగ్గర నేల మీద కూచొని, అతని రొమ్ము లేచి పడడమే చూస్తూ ఉండేవాడు. పక్క గదిలో చెన్నరాయప్ప ఉన్నాడు. ఒకరోజు ఆయన బయ్యప్పను పిలిపించాడు. మాట మెల్లగానే వచ్చింది గానీ, అందులో నిష్ఠూరం ఉంది.

“ఆ పొద్దు కాయ కొట్టలేదా బయ్యప్పా?”

“కొట్టినా సావుకారీ. రెండు కొట్టినా. రెండూ తెల్లగా, నిలువునా పగిలినాయి.”

“మరి ఇట్ల ఏల అయ్యె?”

“కాయంటే నీ బదులు నేను కొడితిని. బ్రేకు నీ బదులు నేను తొక్కలేను గదా” అన్నాడు బయ్యప్ప.

చెన్నరాయప్ప కళ్లు మూసుకున్నాడు.

ముత్యాలప్ప బతికాడు. అతను ఇంకా ఆస్పత్రిలో ఉండగానే ఊళ్లో ఇంకో మాట మొదలైంది. కాయలతో మునేశ్వరుడు తృప్తిపడలేదని, పొట్టేలును బలి ఇవ్వాలని కొందరన్నారు. పటేలు వెంకటప్ప నలుగురినీ వెంటబెట్టుకొని గుడి దగ్గరికి వచ్చి, మంచిరోజు చెప్పమని బయ్యప్పను అడిగాడు. ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని బయ్యప్ప ఆ రోజు గుడి ముందు నిలబడి మాట్లాడాడు.

“పొట్టేలు మీద తప్పు లేదు పటేలప్పా, దాన్ని వదిలెయ్. ఇన్నేండ్లూ ఈడ బండ్లు బతికింది నేను కొట్టిన కాయతో కాదు. కాయకోసమని నిలిచిరి గదా, ఆ నిలిచేదే వాళ్లను కాపాడె. మునేశ్వరుడు మలుపులో కూచున్నది ఎందుకంటే, మనం ఒక గడియ నిలిచి ముందర చూసుకుంటామని. నేనేం చేస్తి? నిలవకుండానే పోయేదానికి ఆ సావుకారికి దోవ చూపిస్తి. నా అల్లుడి కాలు పోయినాక నాకు తెలిసె. మొక్కు ఒకరి బదులు ఇంకొకరు తీర్చొచ్చు. జాగ్రత్త మాత్రం ఎవురిది వాళ్లే పడల్ల. ఇంక మీద ఈ గుడిలో నిలవని బండికి కాయ లేదు. దిగి, గుండు అవతలికి నడిచిపోయి, దోవలో ఎవురన్నా ఉండారా అని చూసి వచ్చినోనికే కాయ.”

పటేలు పొట్టేలు మాట వదిలి, వచ్చినవాళ్లతో వెనక్కి తిరిగాడు. అక్కయమ్మ వెనకాల నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ మాట ముందు అన్నది తానేనని ఆమె ఆ రోజూ అనలేదు, ఆ తరువాతా అనలేదు.

ముత్యాలప్ప చంకకర్రతో అత్తవారింటికి చేరేనాటికి తిమ్మక్కకు కొడుకు పుట్టి నెల దాటింది. అతను మలుపు చివర రాతి మీద కూచొని, అవతల బండి ఉంటే ఇవతలివాళ్లకు ఎర్రగుడ్డ చూపించే పని తనకుతానే పెట్టుకున్నాడు. బస్సులవాళ్లు అతని మాట విన్నారు. గుడ్డ కనిపిస్తే ఆగారు.

అనపకాయలు వచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం చెన్నరాయప్ప వచ్చాడు. కారు బాగై వచ్చింది, డ్రైవరు కొత్తవాడు. ఆయన కారును దూరంగా నిలిపించి, తానే దిగి, మలుపంతా కాలినడకన చూసి వచ్చాడు. ముత్యాలప్ప ముందు నిలబడ్డాడు. ముత్యాలప్ప లేవబోతే, వద్దని భుజం మీద చెయ్యి పెట్టాడు. వెనక సీట్లోంచి ఎన్నోసార్లు తట్టిన భుజమే అది. ఆ చెయ్యి ఈసారి చాలాసేపు అక్కడే ఉంది.

పొద్దు ఎక్కింది, తిని పొమ్మని అక్కయమ్మ అంది. మోదుగాకుల విస్తళ్లు పరిచి, రాగిముద్ద పెట్టి, అనపగింజల పితికిపప్పు సారు పోసింది. సావుకారి, డ్రైవరు, మామ, అల్లుడు ఒకే వరసలో నేల మీద కూచున్నారు. బిడ్డను ఒళ్లో పెట్టుకొని తిమ్మక్క గడప పక్కన కూచుంది.

మొదటి ముద్ద నోటికి పోకముందే మోరీ వైపు నుంచి మోటారు చప్పుడు వినబడింది. అందరి చేతులూ విస్తళ్లలోనే ఆగిపోయాయి. చప్పుడు దగ్గరైంది, తగ్గింది, ఆగింది. ఎవరో దిగి నడిచిపోయి, తిరిగి వచ్చేంతసేపు ఏమీ వినబడలేదు. తరువాత బండి మెల్లగా కదిలి, గుండు చుట్టి, అవతలికి పోయింది.

తిమ్మక్క ఊపిరి వదిలింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అందరూ తిన్నారు.